అనంతపురం ఎండలో వోర్ట్ చల్లారేదెలా: చివరి పదిహేను డిగ్రీల లెక్క

అనంతపురంలో మే నెల మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పితే మొదట వచ్చే నీళ్ళకు చేయి చుర్రుమంటుంది. మిద్దె మీది నల్ల ట్యాంకు పొద్దుటినుంచి ఎండలో కాగి ఉంటుంది మరి. మొహం కడుక్కోవాలన్నా బకెట్లో పట్టి కాసేపు ఆగాల్సిందే. ఇంట్లో బీరు కాయడం గురించి చల్లని దేశాల్లో రాసిన పుస్తకాలు మాత్రం ఒక మాట చాలా తేలిగ్గా అనేస్తాయి. మరిగిన వోర్ట్‌లో, అంటే బీరు కాబోయే కషాయంలో, రాగి గొట్టం చుట్టను దించి, కుళాయికి తగిలిస్తే ఇరవై నిమిషాల్లో ఇరవై డిగ్రీలకు దిగుతుందని. ఏ ఊరి కుళాయి, ఏ నెలలో అన్నది రాయరు. రాయాల్సిన అవసరం వాళ్ళకు రాదు, అక్కడ నేలలోని గొట్టాల నుంచి వచ్చే నీరే చాలావరకు పది పదిహేను డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే పద్ధతి అనంతపురానికి తెస్తే ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగుతుంది అన్నది చూడాలంటే ముందు ఆ గిన్నెలో ఉన్నదేమిటో తెలియాలి.

బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. రాగుల్ని మొలకగట్టి, ఎండబెట్టి, పిండి పట్టించి రాగి మాల్ట్ చేసే ఇళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఆ బార్లీ మాల్ట్‌ను మరపట్టించి 65 నుంచి 67 డిగ్రీల వేడినీటిలో ఓ గంట ఉంచితే, గింజలోని ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. పిప్పి తీసేసి వడగట్టిన తియ్యటి ద్రవమే వోర్ట్. దానిలో హాప్స్ అనే చేదు పూలు వేసి గంటసేపు తెర్లకాగిస్తారు. పొయ్యి ఆర్పినప్పుడు గిన్నెలో ఉన్నది బీరు కాదు, చేదూ తీపీ కలిసిన కషాయం. ఈస్ట్ పడి, అది చక్కెరను తిన్నాకే బీరు. మరిగే కషాయంలో ఈస్ట్ వేస్తే చచ్చిపోతుంది. ఏల్ అనే బీరు రకానికి మామూలుగా వాడే ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు, లాగర్ అనే ఇంకో రకపు ఈస్ట్‌కు 8 నుంచి 12 డిగ్రీలు కావాలి. వందకు దగ్గర్లో ఉన్నదాన్ని ఇరవైకి తేవడం, అదీ త్వరగా తేవడం, ఇదే పని.

ఇక్కడ చట్టం మాట ఒకటి ముందే అనుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం, ఇంట్లో తాగడానికి చేసుకున్నా అంతే. బెల్లం ఊట పారబోసిన వార్తలు పేపర్లో చూసేవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బీరు కాయండని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడి మైక్రోబ్రూవరీల్లో స్టీలు ట్యాంకుల్ని అద్దం వెనక చూసి వచ్చిన కుర్రాళ్ళు ఈ జిల్లాలో ఊరికొకరు ఉన్నారు. ఆ ట్యాంకుల మధ్య జరిగే పనిలో అందరూ తేలిక అనుకునేదీ, నిజానికి వేడి ఊళ్ళలో అన్నిటికన్నా మొండిదీ ఈ చల్లార్చడమే. దాని లెక్క పాలకూ, పాయసానికీ, హాస్టల్లో మిగిలిన సాంబారుకూ అలాగే వర్తిస్తుంది.

పాల సంగతే చూడండి. కాగిన పాలు గోరువెచ్చగా అయ్యేదాకా తోడు వేయరు. చుర్రుమనే పాలలో వేస్తే తోడు చస్తుంది, పెరుగు పేరుకోదు. పూర్తిగా చల్లారిపోయాక వేస్తే తెల్లారినా పలచగానే ఉంటుంది. తొందరగా కావాలంటే పాలగిన్నెను నీళ్ళ బేసిన్లో పెట్టి గరిటెతో తిప్పుతారు. వోర్ట్ చల్లార్చేవాళ్ళు చేసేదీ సరిగ్గా ఇదే, గిన్నె పెద్దది, అంకె చిన్నది. తోడుకు నలభై చాలు, ఈస్ట్‌కు ఇరవై కావాలి. తేడా అంతా ఆ ఇరవై డిగ్రీల్లోనే ఉంది. ఈత కల్లుకు ఈ బాధ లేదు. చెట్టునుంచి దిగిన కల్లును ఎవరూ మరిగించరు, గాలిలో, కుండలో ఉన్న ఈస్ట్ దానంతటదే పని మొదలుపెడుతుంది. మరిగించి, ఉన్న సూక్ష్మజీవుల్నంతా చంపి, తర్వాత మనకు కావలసిన ఒక్కదాన్నే లోపలికి పంపాలనుకున్నప్పుడే చల్లార్చే తొందర పుడుతుంది.

తొందర ఎందుకంటే, మొదటి కారణం పోటీ. మరిగిన వోర్ట్ శుభ్రంగా ఉంటుంది, కానీ చక్కెరా ప్రోటీనూ నిండిన ఆ ద్రవం అరవై డిగ్రీల కిందికి దిగిందంటే పిలవని పేరంటానికి వచ్చేవాళ్ళు చాలామంది. 30 నుంచి 45 మధ్య వేడిలో కొన్ని బాక్టీరియాలు ఇరవై ముప్పై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. హాప్స్ చేదు వీటిలో ఒక తెగను అణచగలదు, పాలను పులియబెట్టే జాతివాటిలో చాలావాటిని. ఎంటరోబాక్టీరియా అనే ఇంకో తెగ దానికి లొంగదు. ఈస్ట్ పని మొదలుపెట్టి, పులుపూ ఆల్కహాలూ పెరిగాకే ఆ రెండో తెగ నోరు మూస్తుంది. అప్పటిదాకా దొరికిన గంటల్లో అవి వదిలిపోయిన వాసన మాత్రం సీసాదాకా వస్తుంది. వేసవి గాలిలో ఎర్రదుమ్ము ఎగిరే ఊళ్ళో మూత తీసిన గిన్నెను రాత్రంతా వదిలేయడం మంచిది కాదని చెప్పడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు.

రెండోది వాసన. బార్లీ మొలకలో ఉండే ఒక పదార్థం వేడికి విడిపోయి డైమిథైల్ సల్ఫైడ్ అవుతుంది, పొట్టిగా డీఎంఎస్ అంటారు. ఉడికిన మొక్కజొన్న కంకి వాసన, ఎక్కువైతే ఉడికిన క్యాబేజీ వాసన. మరుగుతున్నంతసేపూ ఆవిరితో పాటు అది పోతూనే ఉంటుంది, అందుకే మరిగేటప్పుడు మూత పెట్టరు. పొయ్యి ఆర్పాక తయారవడం ఆగదు, బయటికి తోసే ఆవిరి మాత్రం ఆగిపోతుంది. 80 డిగ్రీల కిందికి దిగేదాకా ఈ ఇబ్బంది ఉంటుంది. ఈ భయాన్ని పుస్తకాలు కాస్త ఎక్కువ చేసి చెబుతాయనే అనాలి. బాగా లేతరంగు పిల్స్‌నర్ మాల్ట్‌లో ఈ పదార్థం ఎక్కువ, కాస్త ఎక్కువ వేడిలో ఆరబెట్టిన పేల్ ఏల్ మాల్ట్‌లో తక్కువ. గంటకు పైగా గట్టిగా మరిగితే చాలావరకు ముందే పోతుంది. పైగా వంద నుంచి ఎనభైకి దిగడం ఎక్కడైనా తేలికే, అనంతపురంలో కూడా.

మూడోది కంటికి కనిపించేది. వేగంగా చల్లబడిన వోర్ట్‌లో ఉన్నట్టుండి తెల్లటి తునకలు పుడతాయి, కోడిగుడ్డు కొట్టి కలిపిన సూపులో తెల్లసొన పీలికల్లా. గ్లాసులోకి తీసి వెలుతురుకు ఎత్తిపడితే తునకల మధ్య ద్రవం టీ డికాషన్‌లా తేటగా ఉంటుంది. ప్రోటీనూ, వగరు పదార్థాలూ కలిసి ముద్దకట్టి అడుక్కు దిగుతాయి, దీన్ని కోల్డ్ బ్రేక్ అంటారు. నింపాదిగా చల్లబడితే ఈ ముద్దలు సరిగా కట్టవు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టిన బీరు మసకబారుతుంది. రుచికి వచ్చే నష్టం పెద్దగా లేదు, చూడ్డానికి బాగుండదంతే. హాప్స్ వైపునుంచి ఇంకో చిన్న లెక్క ఉంది. వేడి ఎనభై పైన ఉన్నంతసేపూ చేదు పెరుగుతూనే ఉంటుంది, పూల సువాసన ఆవిరైపోతూనే ఉంటుంది. ఇక ఆక్సిజన్. ఈస్ట్ పెరగడానికి మొదట్లో కొంత కావాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, మరిగే నీటిలో దాదాపు సున్నా. అందుకని ఎంత గిలక్కొట్టినా చల్లారాకే ఉపయోగం.

ఇప్పుడు అసలు లెక్క. వేడి వస్తువు చల్లారే వేగం, దానికీ దాన్ని చల్లార్చేదానికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. తేడా ఎక్కువుంటే దూకుడుగా దిగుతుంది, తగ్గేకొద్దీ ఈడుస్తుంది. దీన్నే ఇంకోలా చెప్పుకోవచ్చు. చల్లార్చే నీరు ఒకే వేడిలో వస్తూ ఉంటే, తేడా సగమవడానికి ఎంత సమయం పట్టిందో, మిగిలిన సగం మళ్ళీ సగమవడానికీ అంతే పడుతుంది. పొయ్యి దించిన వోర్ట్ 100 అనుకుందాం. నిజానికి అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉంది కనుక నీళ్ళు 99 దగ్గరే మరుగుతాయి, ఆ ఒక్క డిగ్రీని వదిలేద్దాం. 15 డిగ్రీల కుళాయి ఉన్న ఊళ్ళో తేడా 85. నాలుగు సార్లు సగమయ్యేసరికి వోర్ట్ 57కు, 36కు, 26కు, 20కి వస్తుంది. ఈస్ట్ వేసేయవచ్చు. నేలసంపులోంచి తోడిన 30 డిగ్రీల నీళ్ళున్న ఊళ్ళో తేడా 70. అదే రాగి చుట్ట, అదే సమయం, అదే నాలుగు సగాలు. 65, 48, 39, 34. అక్కడ పని అయిపోయిన నిమిషానికి ఇక్కడ ఇంకా 14 డిగ్రీలు మిగిలింది. ఇంకో నాలుగు సగాలు ఓపిక పట్టినా ముప్పై కిందికి రాదు, ఎందుకంటే నీళ్ళే ముప్పై. ట్యాంకు నీళ్ళైతే నలభై దగ్గరే గోడ కట్టినట్టు ఆగిపోతుంది. సాధనం మార్చినంత మాత్రాన ఈ గోడ పడదు. ఇంకా పొడుగు చుట్ట కొన్నా గోడదాకా త్వరగా చేరతామంతే.

గోడదాకా చేరడంలో కూడా చాలామంది సగం సమయం పోగొట్టుకుంటారు. ఇమ్మర్షన్ చిల్లర్ అంటే పెద్ద వస్తువేం కాదు. ఏసీ మెకానిక్కులు వాడే మూడు బై ఎనిమిది అంగుళం రాగి గొట్టాన్నే స్ప్రింగులా చుడతారు, పొడుగు ఏడెనిమిది మీటర్ల నుంచి పదిహేను మీటర్ల దాకా. మరగడం ఇంకో పదిహేను నిమిషాలుందనగా దాన్ని గిన్నెలో దించితే అదే శుద్ధి అవుతుంది. పొయ్యి ఆర్పి నీళ్ళు వదిలితే బయటికొచ్చే గొట్టం మొదటి నిమిషం పట్టుకోలేనంత కాలుతుంది. నాలుగైదు నిమిషాలకు గోరువెచ్చనౌతుంది. చల్లారిపోయిందనుకుని థర్మామీటర్ పెడితే ఇంకా 70 చూపిస్తుంది. జరిగిందేమిటంటే, గొట్టాన్ని అంటిపెట్టుకున్న పొర ఒక్కటే చల్లబడింది, మిగతా గిన్నె అలాగే ఉంది. చుట్టను పట్టుకుని నాలుగు సార్లు అటూ ఇటూ కదిపితే బయటి గొట్టం మళ్ళీ చేయి కాల్చేంత వేడెక్కుతుంది. ఆ వేడి అంతసేపూ గిన్నెలోనే ఉండిపోయిందన్నమాట. రాగి వేడిని స్టీలుకన్నా ఇరవై రెట్లకు పైగా బాగా ప్రవహింపజేస్తుందని రాగి చుట్టకు ఎక్కువ డబ్బు పెట్టి, దాన్ని కదపకుండా కూర్చుంటే, కదిపే స్టీలు చుట్ట దాన్ని ఓడిస్తుంది. గొట్టం గోడ మిల్లీమీటరు కూడా ఉండదు, అడ్డు పడేది గోడ కాదు, కదలని ద్రవం. బేసిన్లో పాలగిన్నె పెట్టిన అమ్మలు గరిటెతో తిప్పేది ఊరికే కాదు.

నీళ్ళ ఖర్చు రెండో చిక్కు, అనంతపురంలో అదే మొదటిది కావాలేమో. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. 20 లీటర్ల వోర్ట్‌ను 100 నుంచి 40కి దించాలంటే దాదాపు 5,000 కిలోజౌళ్ళ వేడి తీయాలి. చుట్టలోంచి పోయే నీళ్ళు సగటున 20 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తాయనుకుంటే 60 లీటర్లు కావాలి. బీరుకు మూడింతల నీళ్ళు, చల్లార్చడానికి మాత్రమే. టాంకరు వచ్చే రోజు కోసం బిందెలు వరసపెట్టే వీధిలో ఆ గొట్టాన్ని మోరీలోకి వదిలితే పక్కింటావిడ చూసే చూపుకు వోర్ట్ దానంతటదే చల్లారుతుంది. సరే, డ్రమ్ములో నూరు లీటర్లు పోసి చిన్న మోటారుతో అవే నీళ్ళు తిప్పుదామా? 30 డిగ్రీల 100 లీటర్లూ, 100 డిగ్రీల 20 లీటర్లూ వేడి పంచుకుంటే చివరికి రెండూ 42 దగ్గర కలుస్తాయి. అంతకన్నా దిగదు. మొదటి పది పదిహేను లీటర్లు బాగా వేడిగా వస్తాయి కనుక వాటిని వేరే పట్టి గిన్నెలు తోమడానికి వాడి, తర్వాతివి తిప్పడం తెలివైన పని.

చివరి పదిహేను డిగ్రీల దగ్గర అందరికీ తట్టేది ఐస్. కానీ దాన్ని ఎప్పుడు వాడాలన్న దగ్గరే తప్పు జరుగుతుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు తీసుకుంటుంది, కరిగిన నీళ్ళు 20 డిగ్రీలకు వెచ్చబడటానికి ఇంకో 84. మొత్తం 418. 20 లీటర్ల వోర్ట్‌ను 100 నుంచి 20 దాకా మంచుతోనే దించాలంటే 16 కిలోలు కావాలి. 40 నుంచి 20కైతే 4 కిలోలు. గాలికి కరిగేదీ వృథా అయ్యేదీ కలిపి ఆరు వేసుకున్నా, పైన అరవై డిగ్రీలను ఊరికే వచ్చే నీళ్ళకు వదిలేసి, మంచును అడుగున ఉన్న ఇరవైకి దాచుకోవడంలో ఎంత లాభముందో తెలుస్తోంది. పొయ్యిమీంచి దించిన గిన్నెను నేరుగా ఐసు నీళ్ళ టబ్బులో పెట్టేవాళ్ళు, చల్లటి నీళ్ళతో అయ్యే పనికి మంచును కాల్చేస్తున్నారు. ఐసు వేసిన డ్రమ్ములోంచి చుట్టలోకి నీళ్ళు తిప్పడం కూడా నలభై వచ్చాకే మొదలుపెట్టాలి.

మంచును గిన్నె బయట కాకుండా లోపలే వేసే దారీ ఒకటి ఉంది, లెక్కలో అదే అన్నిటికన్నా పొదుపు. 20 లీటర్లకు బదులు 17 లీటర్లు చిక్కగా కాచి, ముందురోజే మరిగించి చల్లార్చి శుభ్రమైన డబ్బాల్లో గడ్డకట్టించిన 3 కిలోల మంచును 40 డిగ్రీల దగ్గర అందులో వేస్తే, కరిగేసరికి మొత్తం 20 లీటర్లు 22 డిగ్రీలకు చేరుతుంది. వృథా ఏమీ లేదు, ప్రతి గ్రామూ వోర్ట్‌నుంచే వేడి లాగుతుంది. అయితే ఇంట్లో చేసిన మంచు మాత్రమే. ఊక కప్పి గోనెపట్టాలో అమ్మే ఫ్యాక్టరీ గడ్డ గిన్నె బయటికి పనికొస్తుంది, లోపలికి కాదు. గంటసేపు మరిగించి చంపినవాటిని అణాకు కొనుక్కొచ్చి మళ్ళీ వేసినట్టవుతుంది.

మంచుకన్నా చవకైనది ఈ జిల్లాలో ప్రతి ఇంటి మూలనా ఉంది. అది కుండ. అనంతపురం ఎండ పొడిది. 40 డిగ్రీల మధ్యాహ్నం గాలిలో తేమ 25 శాతం ఉందనుకుంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 దగ్గర ఆగుతుంది. కుండ చెమర్చి ఆ తడి గాలికి ఆరుతుంటే, లోపలి నీళ్ళు ఆ అంకెకు దగ్గరదాకా చల్లబడగలవు. అదే నెల నెల్లూరులో 38 డిగ్రీలుండి తేమ 55 శాతముంటే తడిగుడ్డ అంకె 30. అందుకే కోస్తా చుట్టాలు వేసవిలో ఇక్కడికొచ్చి కుండనీళ్ళు తాగి, మా ఊళ్ళో ఇంత చల్లగా ఉండవే అంటారు. కుండమట్టిలో మహత్యం కొంతే, మిగతాదంతా గాలిదే. లీటరు నీరు ఆవిరైపోతూ దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి పట్టుకుపోతుంది, కిలో మంచు కరిగి తీసేదానికి ఏడింతలు. 100 నుంచి 40 దాకా దించడానికి పారించే లెక్కలో 60 లీటర్లు కావలసిన చోట, ఆవిరి చేసే లెక్కలో 2 లీటర్ల పైచిలుకు చాలు. నీళ్ళు లేని జిల్లాకు ఇంతకన్నా అనుకూలమైన అంకె దొరకదు.

ఈ పని చేసే యంత్రం కూడా కొత్తగా కొనక్కర్లేదు, ఎయిర్ కూలరే. గడ్డి మ్యాట్ల మీదుగా నీళ్ళు తిరిగి తిరిగి ట్యాంకులోకే వస్తుంటాయి కనుక గంట నడిచిన కూలర్ అడుగున చేయి పెడితే నీళ్ళు 25, 27 మధ్య తగులుతాయి. అందులో ఒక చిన్న మోటారు ముంచి రాగి చుట్టకు కలిపి, బయటి గొట్టాన్ని తిరిగి మ్యాట్ల మీదికి వదిలితే, వోర్ట్ వేడి గదిలోకి ఆవిరిగా పోతుంది. ఆ గంటలో కూలర్ ముందు పడుకున్నవాళ్ళకు ఉక్కపోత ఖాయం, దాన్ని వరండాలోకి జరపడం మంచిది. కూలర్ మోటారుకు బలం తక్కువ, పదిహేను మీటర్ల సన్నగొట్టంలో నెమ్మదిగా తోస్తుంది, పొట్టి చుట్టకే సరిపోతుంది. నీళ్ళు నాచుపట్టినవైనా ఫర్వాలేదు, అవి గొట్టం లోపలే ఉంటాయి, వోర్ట్‌ను తాకవు, గొట్టం అతుకు గిన్నె లోపల లేకుండా చూసుకుంటే చాలు. 25 డిగ్రీల నీళ్ళతో నాలుగు సగాలయ్యేసరికి వోర్ట్ 30కి వస్తుంది. మిగిలిన పది డిగ్రీలకు మంచు లెక్కప్రకారం 2 కిలోలు. ఫ్రిజ్ పైఅరలో పట్టేంత.

వేడికి లొంగి పని మానుకోవడం బీరు చరిత్రలో కొత్త కాదు. బవేరియాలో 1553లో వేసిన ఉత్తర్వు ప్రకారం సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే బీరు కాయాలి, వేసవిలో కాస్తే చెడిపోతోందని. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్లబీరు కాసేవాళ్ళు ఇప్పటికీ వోర్ట్‌ను వెడల్పాటి లోతులేని రాగి తొట్టిలో పోసి రాత్రంతా కిటికీలు తెరిచి వదిలేస్తారు, గాలిలోని ఈస్ట్ పడాలనే. వాళ్ళు కూడా చలినెలల్లోనే కాస్తారు, వేసవి రాత్రులు తొట్టి చల్లారదనీ, వేరే క్రిములు ముందు పడతాయనీ. బెల్జియం వేసవికే అంత భయపడ్డవాళ్ళు అనంతపురం మే నెలలో ఏమనేవారో. ఇక్కడ మే రాత్రి కనిష్ఠమే 26 దగ్గర ఉంటుంది. డిసెంబరులో మాత్రం తెల్లవారుజామున 17, 18కి దిగుతుంది, ట్యాంకు నీళ్ళూ దానితోపాటే దిగుతాయి. ఆ నెలలో విదేశీ పుస్తకం చెప్పిన ఇరవై నిమిషాల మాట కాస్త నిజమనిపిస్తుంది.

కాలాన్ని యంత్రంతో దాటింది 1870ల్లో. మ్యూనిక్‌లో కార్ల్ వాన్ లిండె శీతల యంత్రానికి మొదట డబ్బు పెట్టినవాళ్ళలో బీరు కాసేవాళ్ళే ముఖ్యులు, తర్వాతే అది మాంసానికీ మంచు ఫ్యాక్టరీలకూ పాకింది. పలకల మధ్య వేడి ద్రవం ఒకవైపు, చల్లటిది మరోవైపు పారే ప్లేట్ చిల్లర్‌ను 1923లో రిచర్డ్ సెలిగ్‌మన్ తయారుచేసింది పాల కోసం. ఈరోజు అది పాల డెయిరీలోనూ, బీరు ఫ్యాక్టరీలోనూ ఒకేలా కనిపిస్తుంది. ఊరి పాలకేంద్రంలో పొదుగు వేడితో వచ్చిన పాలను 4 డిగ్రీలకు దించే తొందరా, వోర్ట్ తొందరా ఒకే జాతివి. ఇళ్ళలో వాడే చిన్న ప్లేట్ చిల్లర్లు కూడా ఉన్నాయి. హాప్స్ పిప్పి పలకల మధ్య ఇరుక్కుంటే కడగడం నరకం, పైగా 30 డిగ్రీల నీళ్ళ గోడ వాటికీ అడ్డమే.

అసలు చల్లార్చకపోతే? నీళ్ళకరువు తెలిసిన ఆస్ట్రేలియాలో ఇంటి బీరు కాసేవాళ్ళు ఇదే ప్రశ్న వేసుకుని, మరుగుతున్నంత వేడిగానే వోర్ట్‌ను హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నింపి, గాలి పిండేసి, మూత బిగించి మర్నాటిదాకా వదిలేయడం మొదలుపెట్టారు. ఆ వేడికి డబ్బా లోపలి గోడలు కూడా శుద్ధి అవుతాయి. చేదు లెక్క మారుతుంది కాబట్టి చివర్లో వేసే హాప్స్‌ను తగ్గిస్తారు. డీఎంఎస్ భయపెట్టినంత కంపు రావడం లేదని అలా కాసినవాళ్ళలో చాలామంది అనుభవం. ఒక్క ప్రమాదం మాత్రం నిజం. వోర్ట్‌లో పులుపు తక్కువ, పీహెచ్ 5 పైనే ఉంటుంది, డబ్బాలో గాలి ఉండదు, బొటులిజం అనే ప్రాణాంతక విషబాధ తెచ్చే క్రిమి బీజాలు మామూలు మరుగుకు చావవు. ఒకటి రెండు రోజుల్లో ఈస్ట్ వేస్తే పులుపు పెరిగి దానికి చోటుండదు, డబ్బాను వారాల తరబడి బల్లకింద దాచుకోకూడదు. అనంతపురం మే నెలలో ఈ పద్ధతికున్న ఇంకో లోపం, మర్నాడు పొద్దున డబ్బా గది వేడికే వస్తుంది, అంటే 30 పైనే. ఇరవైకి దిగదు.

ఆ ఇరవై ఎందుకని ఎదురు అడిగినవాళ్ళు నార్వే రైతులు. మామూలు ఏల్ ఈస్ట్‌ను 30 పైన పెడితే స్పిరిట్‌లాంటి ఘాటు, పండు మగ్గిన వాసన వస్తాయి. పశ్చిమ నార్వేలో వాస్ ప్రాంతపు పల్లెల్లో తరతరాలుగా ఎండబెట్టి దాచుకుంటూ వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ తెగ అలా చేయదు. 35 నుంచి 40 మధ్య వేడిలో అది హాయిగా పనిచేస్తుంది, రెండు మూడు రోజుల్లో పులియడం ముగిస్తుంది, రుచి శుభ్రంగానే ఉంటుంది. చలిదేశపు ఈస్ట్ వేడిని ఎందుకు కోరుకుంటుందంటే, అక్కడి రైతులకు చిల్లర్లు లేవు, పాలు తోడేసినట్టు వెచ్చగా ఉండగానే వేసేయడం అలవాటు, ఆ వేడిలో బతికినవే మిగిలాయి. అక్కడ వోర్ట్‌లో ఈస్ట్ వేసేది 39 డిగ్రీల దగ్గర. అనంతపురం మిద్దె మీది నల్ల ట్యాంకులో మే మధ్యాహ్నం నీళ్ళూ ఇంచుమించు అంతే ఉంటాయి.